జాన్ మ్యూర్ ట్రెయిల్: డబ్బా దగ్గర మొదలయ్యే మూడు వారాల ప్రణాళిక

కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల మీద మూడు వారాలు నడవాలని నిర్ణయించుకున్నవారు సాధారణంగా ముందు బూట్లు కొంటారు, తరువాత టెంటు కొంటారు, పర్మిట్ చేతికి వచ్చాక తిండి సంగతి ఆలోచిస్తారు. జాన్ మ్యూర్ ట్రెయిల్ విషయంలో ఈ వరుసను తిరగేయడం మంచిదని నా అభిప్రాయం. ఈ దారిలో ప్రతి ఒక్కరూ మోయవలసిన వస్తువు ఒకటుంది. ఎలుగుబంటి తెరవలేని గట్టి ప్లాస్టిక్ డబ్బా అది. అందులో ఎన్ని రోజుల తిండి పడుతుందన్న ఒక్క లెక్క తేలితే, రోజుకు ఎంత దూరం నడవాలి, ఎక్కడ సరుకులు తిరిగి నింపుకోవాలి, ఎన్ని రోజుల సెలవు పెట్టాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ముందు దారి స్వరూపం చూద్దాం. యోసెమిటీ జాతీయ పార్కు లోయలోని హ్యాపీ ఐల్స్ దగ్గర, సుమారు 1,230 మీటర్ల ఎత్తులో మొదలయ్యే ఈ కాలిబాట 211 మైళ్ళు, అంటే దాదాపు 340 కిలోమీటర్లు దక్షిణంగా సాగి, 4,421 మీటర్ల విట్నీ శిఖరం మీద ముగుస్తుంది. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో అంతకంటే ఎత్తయిన శిఖరం లేదు. అయితే శిఖరం మీద దారి ముగిసినా నడక ముగియదు. అక్కడి నుంచి విట్నీ పోర్టల్ అనే రోడ్డు కొసకు దిగడానికి మరో 17 కిలోమీటర్లు నడవాలి. మొత్తం మీద ఎక్కవలసిన ఎత్తులన్నీ కలిపితే సుమారు 14 వేల మీటర్లవుతుంది. 1914లో ప్రకృతి పరిరక్షకుడు జాన్ మ్యూర్ మరణించిన మరుసటి ఏడాది పని మొదలై, 1938లో దారి పూర్తయింది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఇక్కడి ఆదివాసులైన పయూట్ ప్రజలు ఈ కనుమల మీదుగా రాకపోకలు, వర్తకం సాగించారు. ఈ బాటను వారు నూమూ పోయో, అంటే ప్రజల దారి అంటారు.

ఉత్తరం నుంచి దక్షిణానికి నడవడమే కొత్తవారికి మేలు. తక్కువ ఎత్తులో మొదలై, కనుమలు ఒకదాన్ని మించి ఒకటి పెరుగుతూ పోవడం వల్ల ఒంటికి పల్చని గాలి అలవాటయ్యే వ్యవధి దొరుకుతుంది. మొదట వచ్చే పెద్ద కనుమ డోనహ్యూ 3,370 మీటర్లు. చివర్లో వచ్చే ఫారెస్టర్ కనుమ నాలుగు వేల మీటర్లు దాటుతుంది. దక్షిణం నుంచి మొదలుపెట్టేవారు మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆ ఎత్తులను ఎదుర్కోవలసి వస్తుంది. పైగా అప్పటికి బరువు కూడా నిండుగా ఉంటుంది.

డబ్బా లెక్క

ఎక్కువమంది వాడే బేర్‌వాల్ట్ 500 రకం డబ్బాలో పదకొండున్నర లీటర్ల చోటు ఉంటుంది. ఖాళీ డబ్బాయే 1.2 కిలోల దాకా తూగుతుంది. గట్టి గుడ్డతో చేసిన సంచులు యోసెమిటీలో చెల్లవు కాబట్టి బరువు తగ్గించుకుందామని ఆ దారి వెతకవద్దు. కొనడం ఇష్టం లేకపోతే పార్కులోనే అద్దెకు దొరుకుతుంది. తిండితోపాటు టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, సబ్బు, చెత్త, ఇలా వాసన ఉన్న ప్రతిదీ రాత్రిపూట అందులోనే ఉండాలి. రాత్రి డబ్బాను గుడారానికి ముప్ఫై మీటర్ల దూరంలో, నీటికి, కొండ అంచుకు ఎడంగా, నేల మీద పెట్టాలి. ఎలుగుబంటి దాన్ని తెరవలేకపోయినా, దొర్లించుకుపోగలదు.

రోజంతా ఎక్కుతూ దిగుతూ నడిచే మనిషికి 3,000 నుంచి 3,500 క్యాలరీలు అవసరం. మన తిండిని జాగ్రత్తగా ఎంచుకుంటే అది రోజుకు 700 నుంచి 750 గ్రాములకు కుదురుతుంది. ఆ లెక్కన ఒక డబ్బాలో ఏడు రోజుల తిండి పడుతుంది. బాగా అదిమి సర్దేవారికి ఎనిమిది రోజులు పట్టవచ్చు. అంతకు మించి పట్టదు. మొదటి రోజు తినేవి మాత్రం డబ్బా బయట పెట్టుకోవచ్చు, రాత్రికి మిగలకూడదంతే.

ఈ ఏడు రోజుల కొలతతో దారిని కొలిచి చూడండి. హ్యాపీ ఐల్స్ నుంచి, సరుకులు నింపుకునే మొదటి చోటైన రెడ్స్ మెడో దాకా సుమారు 96 కిలోమీటర్లు, అంటే ఆరు రోజులు. అక్కడి నుంచి రెండో చోటైన మ్యూర్ ట్రెయిల్ రాంచ్ దాకా 80 కిలోమీటర్లు, అంటే ఐదు రోజులు. ఇంతవరకు చిక్కేమీ లేదు. ఆ తరువాత విట్నీ పోర్టల్ దాకా 180 కిలోమీటర్ల పొడవునా దారి మీద ఒక్క దుకాణం కూడా లేదు. రోజుకు 16 కిలోమీటర్ల చొప్పున పదకొండు రోజులు పడుతుంది. డబ్బాలో ఉన్నవి ఏడు రోజులకే. మొత్తం ప్రయాణంలో అసలైన ముడి ఇదే.

దీన్ని విప్పడానికి మూడు మార్గాలున్నాయి. పెద్ద డబ్బా కొని ఎనిమిది కిలోల తిండితో బయలుదేరడం మొదటిది. రోజుకు 22 కిలోమీటర్లు నడిచి ఎనిమిది రోజుల్లో ముగించడం రెండవది. ఆ భాగంలో మ్యూర్, మేథర్, పించో, గ్లెన్, ఫారెస్టర్ కనుమలు ఐదూ వరుసగా వస్తాయి కాబట్టి ఆ వేగం అందరికీ సాధ్యం కాదు. మూడవది, గ్లెన్ కనుమ దాటాక ప్రధాన దారి వదిలి, 3,584 మీటర్ల కియర్సార్జ్ కనుమ మీదుగా ఆనియన్ వ్యాలీకి దిగి, ఇండిపెండెన్స్ అనే చిన్న ఊరిలో సరుకులు తీసుకొని, మళ్ళీ అదే కనుమ ఎక్కి రావడం. ఇందుకు అదనంగా దాదాపు 24 కిలోమీటర్లు, ఒకటిన్నర నుంచి రెండు రోజులు ఖర్చవుతాయి. అయినా మొదటిసారి వెళ్ళేవారికి నేను మూడవ మార్గమే చెబుతాను. తేలికైన సంచితో పించో, మేథర్ కనుమలు ఎక్కగలగడమే కాక, ఊరిలో ఒక పూట స్నానం, వేడి భోజనం, వాతావరణం కబురు కూడా దొరుకుతాయి. అప్పటికి మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకొని, ముందుకు పోవాలో మానాలో తేల్చుకోవడానికి అంతకు మించిన చోటు లేదు.

మ్యూర్ ట్రెయిల్ రాంచ్‌కు పంపే సరుకులను అట్టపెట్టెలో కాక, ఐదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్‌లో మూత బిగించి పంపాలి. ఎలుకల బెడద వల్ల ఈ నియమం పెట్టారు. సరుకు కొంత దూరం మామూలు రోడ్డు లేని చోటు గుండా చేరాలి కాబట్టి మీరు వెళ్ళే తేదీకి కనీసం మూడు వారాల ముందే తపాలాలో వేయాలి. దాచిపెట్టినందుకు వారు తీసుకునే రుసుము తక్కువేమీ కాదు. ప్రత్యామ్నాయంగా ఎడిసన్ సరస్సు దగ్గర వెర్మిలియన్ వ్యాలీ రిసార్ట్ ఉంది. ఈ ఏడాది వారు సరుకులు తీసుకుంటున్నారో లేదో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తెరిచి ఉంటారో ముందుగా కనుక్కున్నాకే బకెట్ కట్టండి.

ఏం వండుకోవాలి

సుమారు 3,300 మీటర్ల ఎత్తున నీళ్ళు 89 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆ వేడికి కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, బియ్యం కూడా నిదానంగానే ఉడుకుతుంది, ఈలోగా గ్యాసు అయిపోతుంది. అందువల్ల ఇంట్లో ముందే ఉడికించి ఎండబెట్టిన పదార్థాలనే తీసుకువెళ్ళాలి. మన ఇళ్ళలో వేసవిలో మేడ మీద వడియాలు ఎండబెట్టిన పద్ధతికీ దీనికీ తేడా పెద్దగా లేదు, ఎండకు బదులు డీహైడ్రేటర్ వాడతామంతే. మెత్తగా ఉడికించిన పెసరపప్పును పల్చగా పరిచి గలగలలాడేలా ఎండబెట్టి పొడి చేసుకుంటే, వేడి నీళ్ళలో పది నిమిషాల్లో పప్పుగా మారుతుంది. అన్నం కూడా అలాగే ఎండబెట్టవచ్చు. ఆ శ్రమ వద్దనుకుంటే దుకాణాల్లో దొరికే ఇన్‌స్టంట్ బియ్యం చాలు, దానిలో చింతపండు పొడి, పోపు, వేయించిన పల్లీలు కలిపితే పులిహోర సిద్ధమవుతుంది.

అటుకుల విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. వండే పని లేదు, బరువు లేదు అన్న సంబరంలో మొదటిసారి డబ్బా సగం అటుకులతో నింపాను. నాలుగు రోజుల తిండికే మూత పడడం మానేసింది. అటుకులు బరువు తక్కువే కానీ చోటు ఎక్కువ తింటాయి, ఈ ప్రయాణంలో చోటే ఖరీదైనది. అటుకులు తప్పదనుకుంటే చేత్తో నలిపి నింపండి. వాటికంటే నేతిలో వేయించి, పోపు కలిపి పొట్లాలు కట్టుకున్న ఉప్మా రవ్వ మేలు. పొట్లం విప్పి వేడి నీళ్ళు పోసి పది నిమిషాలు మూత పెడితే చాలు.

క్యాలరీలు తక్కువ చోటులో ఇమడాలంటే కొవ్వు పదార్థాలు కావాలి. గ్రాము బియ్యానికి మూడున్నర క్యాలరీలు వస్తే, గ్రాము పల్లీలకు ఐదున్నర దాటుతాయి, నేతికి తొమ్మిదికి దగ్గరగా వస్తాయి. రోజుకు రెండు పెద్ద చెంచాల నెయ్యి కలుపుకుంటే దాదాపు 250 క్యాలరీలు చేతికి వస్తాయి. మర మూత ఉన్న చిన్న సీసాలో పోసి, ఆ సీసాను మరో సంచిలో పెట్టండి. సున్నుండలు, నువ్వుల ఉండలు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు నడుస్తూ తినడానికి సరిపోతాయి. కందిపొడి, కరివేపాకు పొడి నోటికి రుచినిస్తాయి. ఎత్తు మీద ఆకలి మందగిస్తుంది కాబట్టి రుచి చిన్న విషయం కాదు. నూనె ఊరే పచ్చళ్ళు మాత్రం ఇంట్లోనే ఉంచండి. ఆవకాయ సీసా డబ్బాలో ఒలికితే మిగిలిన మూడు వారాలూ ఆ డబ్బాను కడుక్కోవడంతోనే సరిపోతుంది.

గ్యాసు సిలిండర్లను విమానంలో తీసుకువెళ్ళడానికి వీలులేదు, సరుకుల బకెట్‌లో పెట్టి పంపకూడదు కూడా. భారతదేశం నుంచి వచ్చేవారైనా, అమెరికాలోనే వేరే రాష్ట్రం నుంచి విమానంలో వచ్చేవారైనా అక్కడికి చేరాకే కొనుక్కోవాలి.

పర్మిట్, తేదీలు

హ్యాపీ ఐల్స్ నుంచి మొదలుపెట్టి డోనహ్యూ కనుమ దాటిపోయే పర్మిట్‌కు గిరాకీ చాలా ఎక్కువ. యోసెమిటీ కోటాలో 60 శాతం పర్మిట్లను బయలుదేరే తేదీకి సుమారు 24 వారాల ముందు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో లాటరీ ద్వారా ఇస్తారు, మిగిలిన 40 శాతం వారం రోజుల ముందు విడుదల చేస్తారు. జూలై మూడో వారంలో నడక మొదలుపెట్టదలచుకుంటే జనవరి నెలాఖరుకే దరఖాస్తుకు సిద్ధంగా ఉండాలన్నమాట. హ్యాపీ ఐల్స్ దొరకకపోతే టుయోలమీ మెడోస్ నుంచి లయెల్ కాన్యన్ మీదుగా వెళ్ళే పర్మిట్‌కు ప్రయత్నించండి. దారిలో మొదటి రెండు మూడు రోజుల నడక తప్పిపోతుంది కానీ మిగిలినదంతా దక్కుతుంది. బృందం ఎంత చిన్నదైతే లాటరీలో అవకాశం అంత మెరుగు. ఎనిమిది మంది స్నేహితులు కలిసి వెళ్ళాలనుకోవడం వినడానికి బాగుంటుంది కానీ ఇద్దరిద్దరుగా దరఖాస్తు చేసుకోవడమే తెలివైన పని.

ఒకసారి పర్మిట్ వచ్చాక విట్నీ పోర్టల్ దాకా అదే చెల్లుతుంది, దారిలో వేరే పార్కులు, జాతీయ అడవులు వచ్చినా మళ్ళీ అడగనవసరం లేదు. గ్యాసు పొయ్యి వాడడానికి కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ వేరుగా కావాలి. అది ఇంటర్నెట్‌లో కొన్ని ప్రశ్నలకు జవాబులిస్తే ఉచితంగా వస్తుంది. ఎత్తయిన చోట్ల కట్టెల మంట వేయడం నిషేధం కాబట్టి వంటకు కట్టెలను నమ్ముకోవద్దు.

ఏ నెల మంచిదన్న ప్రశ్నకు ఆ ఏటి మంచే జవాబు చెబుతుంది. మామూలు సంవత్సరాల్లో జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా అనుకూలం. జూలైలో పూలు, నిండుగా పారే వాగులు, వాటితోపాటు దోమలు ఉంటాయి. ఆగస్టు రెండో వారానికి దోమలు తగ్గుతాయి, కార్చిచ్చుల పొగ వచ్చే అవకాశం పెరుగుతుంది. 2021లో ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మధ్య దాకా కాలిఫోర్నియాలోని జాతీయ అడవులన్నిటినీ మంటల భయంతో మూసివేశారు. ఆ రోజుల్లో పర్మిట్ చేతిలో ఉన్నవారు కూడా ఇంటిదారి పట్టారు. 2023లో మంచు విపరీతంగా పడి, జూలై దాకా కనుమలు మంచులో మునిగి ఉండడమే కాక, వుడ్స్ క్రీక్ మీది వేలాడే వంతెన కూడా దెబ్బతింది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మంచు నివేదికలు చదవడం అలవాటు చేసుకోండి. సెలవు పెట్టేటప్పుడు నడకకు పట్టే రోజులకంటే నాలుగు రోజులు ఎక్కువ అడగండి.

ఎత్తు, నీళ్ళు, ఉరుములు

ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడడానికి తొందర పనికిరాదు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవాలన్నది సాధారణ నియమం. హ్యాపీ ఐల్స్ నుంచి నిదానంగా నడిస్తే దారే ఆ నియమాన్ని పాటిస్తుంది. టుయోలమీ నుంచి మొదలుపెట్టేవారు మాత్రం ముందు ఒకటి రెండు రాత్రులు అక్కడే, 2,600 మీటర్ల ఎత్తున గడపాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అవి ఉండగా పైకి ఎక్కకూడదు. తూలి నడవడం, మాట తడబడడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే రాత్రయినా సరే కిందికి దించాలి, దానికి మించిన మందు లేదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్రల గురించి బయలుదేరే ముందే డాక్టరుతో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఈ దారిలో నీటికి కొదవ లేదు. ఒక లీటరు మోస్తే చాలు, వడగట్టి తాగాలి. వాగులు దాటడం దగ్గరే జాగ్రత్త అవసరం. పగటి ఎండకు మంచు కరిగి సాయంత్రానికి ప్రవాహం పెరుగుతుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. ఎవల్యూషన్ క్రీక్ లాంటి వెడల్పైన చోట్లను ఉదయం పూట దాటేలా ముందు రోజు మజిలీ ఎంచుకోండి. నీటిలో దిగేముందు సంచి నడుము పట్టీ విప్పుకోవాలి. కాలు జారితే సంచిని వదిలించుకోగలగాలి.

జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో మబ్బులు కమ్ముకొని పిడుగులు పడడం ఇక్కడ మామూలే. చెట్టు కూడా లేని కనుమ మీద ఆ సమయానికి ఉండకూడదు. కనుమకు ఐదారు కిలోమీటర్ల ఇవతల రాత్రి మజిలీ చేసి, తెల్లవారకముందే లేచి, పదకొండు గంటల లోపు దాటిపోవడం ఉత్తమమైన పద్ధతి. మ్యూర్ కనుమ మీద 1930లో సియెరా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘం కట్టిన గుండ్రటి రాతి గుడిసె ఉంది కానీ అది తలదాచుకోవడానికే, రాత్రి పడుకోవడానికి కాదు. వేసవిలో కూడా రాత్రులు గడ్డకట్టేంత చలి వేయవచ్చు కాబట్టి సున్నాకు ఏడు డిగ్రీల కిందికి సరిపోయే స్లీపింగ్ బ్యాగు తీసుకువెళ్ళండి.

దారిలో చాలాచోట్ల ఫోను పనిచేయదు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరం ఇద్దరికి ఒకటైనా ఉండాలి. ఇంట్లోవారికి రోజువారీ మజిలీల పట్టికతోపాటు మధ్యలో దిగిపోయే దారులు కూడా రాసి ఇవ్వండి. రెడ్స్ మెడో నుంచి మ్యామత్ లేక్స్‌కు, లెకాంట్ కాన్యన్ నుంచి బిషప్ కనుమ మీదుగా సౌత్ లేక్‌కు, కియర్సార్జ్ మీదుగా ఆనియన్ వ్యాలీకి దిగడం ముఖ్యమైనవి.

సంచి, సాధన

తిండి, నీళ్ళు, గ్యాసు కాక మిగిలిన సామానంతా డబ్బాతో కలిపి ఎనిమిది కిలోలకు తేగలిగితే, నిండు సంచి 15 కిలోల దగ్గర ఆగుతుంది. కొత్తవారి సంచిలో అనవసరపు బరువు ఎక్కువగా బట్టల్లోనే ఉంటుందని గమనించాను. నడవడానికి ఒక జత, పడుకోవడానికి ఒక జత, చలికి ఒక కోటు, వానకు ఒక కోటు ఉంటే సరిపోతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న తెలుగువారికి సాధనకు చోటు దగ్గరలోనే ఉంది. ఫ్రీమాంట్‌లోని మిషన్ పీక్ 767 మీటర్లే అయినా, స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి ఎక్కితే 600 మీటర్లకు పైగా నిలువుగా ఎక్కినట్టవుతుంది. నాలుగు నెలల ముందు నుంచి వారానికొకసారి, నెలకు మూడు కిలోల చొప్పున బరువు పెంచుకుంటూ ఎక్కండి. దిగేటప్పుడు పరుగెత్తవద్దు, మోకాళ్ళు అరిగేది దిగుడులోనే. బయలుదేరే ముందు నెలలో ఒక శని, ఆదివారం పూర్తి సామానుతో యోసెమిటీ పైభాగంలో ఒక రాత్రి గడిపి రండి. పొయ్యి వెలగదని, చెప్పు కరుస్తుందని, రవ్వలో ఉప్పు చాలలేదని తెలుసుకోవలసింది అప్పుడే.

చివరి రెండు రోజులు

ఎక్కువమంది చివరి రాత్రి 3,500 మీటర్ల ఎత్తున గిటార్ లేక్ దగ్గర గడిపి, చీకటి ఉండగానే బయలుదేరతారు. విట్నీ శిఖరానికి మూడు కిలోమీటర్ల ఇవతల దారి చీలుతుంది. పెద్ద సంచులు అక్కడ వదిలి, నీళ్ళు, చలికోటు, తినడానికి కొంచెం పట్టుకొని పైకి వెళ్ళి రావడం వాడుక. మార్మాట్ అనే బొద్దు ఉడుతలు సంచులను కొరికి చింపుతాయి కాబట్టి వాసన వచ్చేది ఏదీ సంచి జేబుల్లో వదలకండి.

విట్నీ ప్రాంతంలో మలవిసర్జనను కూడా ప్రత్యేకమైన సంచిలో మోసుకొని కిందికి తేవడం తప్పనిసరి. మిగిలిన దారిలో నీటికి అరవై మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చితే చాలు, కాగితం మాత్రం వెంట తెచ్చుకోవాలి. విట్నీ పోర్టల్‌లో ఆ సంచులు వేయడానికి తొట్లు ఉంటాయి.

అక్కడి నుంచి లోన్ పైన్ ఊరు 21 కిలోమీటర్లు, బస్సు లేదు. ముందే మాట్లాడుకున్న వ్యాను అయినా ఉండాలి, లేదా దిగి వచ్చిన ఎవరినైనా బతిమాలుకోవాలి. లోన్ పైన్ నుంచి ఉత్తరంగా మ్యామత్ లేక్స్‌కు ఈస్టర్న్ సియెరా ట్రాన్సిట్ బస్సు, మ్యామత్ నుంచి యోసెమిటీ లోయకు వేసవిలో యార్ట్స్ బస్సు ఉన్నాయి. కారు యోసెమిటీలో వదిలి వచ్చినవారికి ఇదే దారి. ఈ బస్సులు అన్ని రోజులూ నడవవు. కాబట్టి రోజుల లెక్క వేసేటప్పుడు మొదలుపెట్టే తేదీతోపాటు కొండ దిగే వారాన్ని కూడా బస్సుల పట్టికతో సరిచూసుకోండి. శనివారం రాత్రి లోన్ పైన్ చేరి సోమవారం దాకా గది అద్దె కట్టినవారిని నేను ఎరుగుదును.